పసుపు తాగిన గోడ

నూకరత్నం సంచి సర్దుతోంది. రెండు చీరలు, భర్త ధనరాజు లుంగీలు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన రేషను కార్డు, ఎండుచేపల పొట్లం, గుడ్డలో మూటగట్టిన పసుపు కొమ్ములు. దుప్పటి పెడితే చీరలు పట్టడం లేదు. చీరలు పెడితే దుప్పటి మిగిలిపోతోంది. ఎల్లుండి పొద్దున్నే లారీలు వస్తాయి. పోలంపేటను ఖాళీ చేయించి, మెట్ట మీద కట్టిన కాలనీకి అందర్నీ పంపించేస్తారు.

ఆమె చిన్నతనంలో ఇంటికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోట ఉండేది. తోట అవతల బడి ఉండేది. ఏటికేడాది ఎండలు ముదిరినకొద్దీ సముద్రం ఉబ్బి తోటను తినేసింది, తర్వాత బడిని తినేసింది. ఇప్పుడు వంటింటి వెనక గోడను తడుతోంది. పెద్ద అల వచ్చి కొట్టినప్పుడల్లా నేల మీద పెట్టిన చెంబులో నీళ్లు వణికేవి. ఆమె చేపలు తోముతున్నా, అన్నం వారుస్తున్నా ఒక కన్ను ఆ చెంబు మీదే ఉండేది.

ధనరాజు గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఎల్లుండి వెళ్లిపోయేవాడికి ఇవాళ వలతో పనేమిటని ఆమె విసుక్కుంది.

"మెట్ట మీద పనికొత్తాదిలే," అన్నాడు తల ఎత్తకుండా. "కోళ్లకి దడి కడతాను."

అప్పుడే సునంద స్కూటర్ దిగింది. నూకరత్నానికి చెల్లెలు. తల్లి పోయేనాటికి సునంద ఇంకా పాకుతోంది. చంకన వేసుకుని పెంచింది నూకరత్నమే. పోలంపేటలో పెద్ద చదువు చదివిన మొదటి ఆడపిల్ల. కాకినాడలో తీరాల మీద పరిశోధన చేసే ఒక లేబరేటరీలో పని చేస్తోంది. స్కూటర్‌కి వెనక నీలం డబ్బా ఒకటి తాళ్లతో కట్టి ఉంది.

"అక్కా, సంచి విప్పేయ్," అంది లోపలికి వస్తూనే.

ఇంట్లో ఉన్న సత్తు బేసిన్ తీసుకుని, బయట నుంచి ఇసుక తెచ్చి నింపింది. డబ్బాలోంచి బియ్యం కడుగు లాంటి నీళ్లు గరిటెతో పోసింది. పొద్దున లేచి చూస్తే బేసిన్‌లో ఇసుక లేదు. బండ ఉంది. సునంద రోకలి పట్టుకుని దాన్ని కొట్టింది. బండ అడ్డంగా పగిలింది. ఆ పగులులో మళ్లీ కాస్త ఇసుక, చిటికెడు గవ్వల సున్నం, గరిటెడు నీళ్లు పోసింది. సాయంత్రానికి పగులు పూడింది. పూడిన చోట బండ కొద్దిగా ఉబ్బి, మానిన గాయంలా ఉంది.

నూకరత్నం దూరంగా గోడకు ఆనుకుని చూసింది.

"ఇది బతికుందేటే?"

"బతికే ఉందక్కా. కంటికి కనపడని జీవులు. ఇసుక రేణువుల్ని ఒకదానికొకటి అతికించి రాయి చేస్తాయి. దెబ్బ తగిలితే అక్కడే ఇంకా గట్టిగా పెరుగుతాయి. సముద్రం కొట్టేకొద్దీ గోడ లేస్తుంది."

"ఎంతవరకూ లేత్తాది?"

సునంద డబ్బా మూత బిగించింది. "మేం తిండి పెట్టడం ఆపేదాకా," అంది.

చెల్లెలు వెళ్లాక నూకరత్నం ఆ బేసిన్‌ను ఇంట్లో ఉంచుకోలేదు. పెరట్లో పెట్టి, కోడిని మూసినట్టు పైన గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టింది.

లారీలు వచ్చాయి. కొందరు ఎక్కారు. ఎక్కువమంది ఎక్కలేదు. సునంద మాట మీద, లేబరేటరీ వాళ్ల మాట మీద అధికారులు ఊరికి గడువిచ్చారు. ఖాళీగా ఉన్న కాలనీ ఇళ్లను వరదలో కొట్టుకుపోయిన మరో ఊరివాళ్లకి ఇచ్చేశారు.

గోడ కట్టడం అంటే పోలంపేటవాళ్లు తాపీ పని అనుకున్నారు. తాపీ లేదు, సిమెంటు లేదు. సునందా, ఆమె పై అధికారి భుజంగరావు గారూ, పది మంది పనివాళ్లూ ఒడ్డు పొడవునా గొట్టాలతో నీళ్లు చల్లుకుంటూ పోయారు. భుజంగరావు గారు పెద్దమనిషి, ఎండకు గొడుగు వదలరు, పడవ ఎక్కితే వాంతి చేసుకుంటారు. ఆయన్ని చూసి పిల్లలు నవ్వేవారు. ఇసుక ముందు పెచ్చు కట్టింది. తర్వాత మోకాలి ఎత్తు లేచింది. అలలు కొట్టిన చోట బుడిపెలు బుడిపెలుగా పైకి వచ్చింది. దాని దగ్గర పశువుల కొట్టం వాసన వేసేది. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనమే నూకరత్నానికి నచ్చలేదు. రాయి చల్లగా ఉండాలి కదా అనుకుంది.

పడవలు వెళ్లడానికి ఒక చోట దారి వదిలారు. అల తిన్నగా లోపలికి రాకుండా, నత్తగుల్ల నోరులా, గోడ కొస ఒకటి రెండోదాని ముందుకు వంపు తిరిగి ఉంటుంది. ఆ ముందుకు వచ్చిన కొసే ఊరికి తలుపు. దాన్ని దాటుకునే పడవలన్నీ పోవాలి, రావాలి.

ఆశ్వయుజంలో తుపాను వచ్చింది. ఊరంతా తుపాను షెల్టర్‌లో కూర్చున్నారు. ఇళ్లు పోయే ఉంటాయని అనుకున్నారు. తిరిగి వచ్చి చూస్తే పొయ్యిలో బూడిద కూడా తడవలేదు. గోడ మూడు చోట్ల చీలింది. లేబరేటరీవాళ్లు తిండి పోశారు. కార్తీకం వచ్చేసరికి చీలికలు పూడి, గోడ ఇంకో మూరెడు లేచింది. నూకరత్నం నేల మీద చెంబు పెట్టి చాలాసేపు చూసింది. నీళ్లు కదలలేదు. అప్పుడు సంచి దులిపి, ఉల్లిపాయలు పోసుకోవడానికి పెట్టుకుంది.

ఉప్పెనను ఆపిన రాయి ఊరికే రాయి ఎలా అవుతుంది? ముందుగా ఎవరు పసుపు రాశారో ఎవరికీ తెలియదు. ఒక శుక్రవారం నాటికి గోడ కొస మీద పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. పిల్లలు గోడమ్మ అన్నారు. పెద్దలు ఆ పేరే ఖాయం చేశారు. పడవ బయలుదేరేముందు ఆ ఇంటి ఆడది చెంబెడు పసుపునీళ్లు కొస మీద పోసి, పడవను సాగనంపుతుంది. పోలంపేటలో పడవ లేని ఇల్లు లేదు, పడవ వెళ్లని పొద్దు లేదు. జాతర నాడు కావిళ్లతో మోసి కుండలకు కుండలు పోశారు. లేబరేటరీవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. సునంద కూడా బొట్టు పెట్టించుకుంది. ఆమె ఆ ఊరి పిల్ల. ఆ పసుపు ఆమెకు కొత్తగా కనపడలేదు.

ఆ సాగనంపడంలో ఇంకో కట్టు ఉంది. సముద్రం వైపు నడిచే మనిషిని వెనక నుంచి పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే ఆ పేరు సముద్రం నేర్చుకుంటుందంటారు. నూకరత్నం తండ్రి ఒకనాడు చుట్టల డబ్బా మరిచిపోయి పడవ వైపు నడుస్తుంటే, తల్లి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. ఆయన వెనక్కి వచ్చి, డబ్బా తీసుకుని, నవ్వుతూ వెళ్లాడు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ చూడలేదు. తల్లి బతికినన్నాళ్లూ మళ్లీ ఎవర్నీ పేరు పెట్టి పిలవలేదు. చంటిపిల్ల సునందను కూడా "ఇదిగో" అనేది.

మూడేళ్లు గోడ నిలబడింది.

నెలకోసారి గోడలోంచి చిన్న చిన్న రాతి ముక్కలు కోసి లేబరేటరీకి తీసుకుపోవడం సునంద పని. వాటిని తిండినీళ్లలో వేస్తే మర్నాటికి తెల్లటి పొర కడతాయి. అంటే బతికున్నట్టు. ఆ నెల పడవల దారి దగ్గర తీసిన ముక్క పొర కట్టలేదు. పొరపాటున పాత ముక్క తెచ్చానేమో అనుకుని ఇంకొకటి తెచ్చింది. అదీ అలాగే పడి ఉంది. సుత్తితో పగలగొట్టింది. లోపల, చాలా లోతు దాకా, పండుటాకులో ఈనెల్లా పసుపు చారలు.

గోడ తిండి తినే సన్నటి రంధ్రాల్లోంచే పసుపూ లోపలికి వెళ్లింది. పసుపు క్రిముల్ని చంపుతుందని లేబరేటరీవాళ్లకు తెలియక కాదు. ఊరంత గోడను చిటికెడు పసుపు ఏం చేస్తుందిలే అని ఎవరూ పట్టించుకోలేదు. చిటికెడు అని వాళ్లు అనుకున్నది ఊరి పడవలన్నిటిదీ, మూడేళ్లది.

భుజంగరావు గారు గట్టిదనం కొలిచే మిషను తెప్పించి ఆ కొస మీద పెట్టి చూశారు. సూది ఎప్పటి అంకె దగ్గరే ఆగింది.

"గట్టిగానే ఉంది కదమ్మా," అన్నారు.

"చచ్చినవాడి ఎముక కూడా గట్టిగానే ఉంటుంది సార్. మళ్లీ విరిగితే అతుక్కోదు, అంతే."

ఆయన గొడుగు ముడిచి గోడకు ఆనించబోయి, ఎందుకో ఆనించలేదు.

సునంద తిన్నగా అక్క ఇంటికి వచ్చింది. మర్నాడు ధనరాజు వేటకు వెళ్లాలి. నూకరత్నం రోట్లో పసుపు దంచుతోంది. చెల్లెలు చెప్పింది విన్నాక ఆమె చేతులు రోట్లోనే ఆగిపోయాయి. లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. బూడిదతో తోమింది. పసుపు పోలేదు.

"ఊరికి చెప్పేత్తే ఊరుకుంటారంటావా?" అంది.

"చెప్పకపోతే ఎలాగక్కా?"

చేపల పాకలో ఊరిని పోగుచేశారు. సునంద నెమ్మదిగా, చదువుకున్న మాటలేవీ లేకుండా చెప్పింది. వచ్చే వేసవిలో చచ్చిన భాగం కోసి, కొత్తగా పెంచుతామంది. అప్పటిదాకా పసుపు పొయ్యొద్దని చేతులు జోడించింది. మగవాళ్లు ఆడవాళ్ల మొహాలు చూశారు. ఆడవాళ్లు సత్తెమ్మ మొహం చూశారు. సత్తెమ్మ ఊరికి పెద్ద ముత్తయిదువ. జాతరలో మొదటి కుండ ఆమెదే.

"పసుపు తగిలి సచ్చేది అమ్మోరు ఎలాగవుద్దే పిల్లా?" అంది సత్తెమ్మ. "పసుపు తగిలి సచ్చేది దెయ్యం."

నూకరత్నానికి గంప కింద మూసిన బేసిన్ గుర్తొచ్చింది.

ఆ రోజు నుంచి ఊరికి రెండు భయాలు పట్టుకున్నాయి. మూడేళ్లుగా దెయ్యానికి మొక్కామేమోనని సగంమంది భయం. అమ్మవారిని అనుమానించామేమోనని మిగతావాళ్ల భయం. ఏది నిజమో తేల్చుకోవడానికి ఇద్దరికీ తెలిసిన పరీక్ష ఒక్కటే. దెయ్యమైతే చావనీ, అమ్మోరైతే నిలబడనీ అని పసుపు ఇంకా పోశారు. అంతకుముందు చెంబు పోసినవాళ్లు బిందె పోశారు. లేబరేటరీవాళ్లు కొస చుట్టూ తాడు కట్టి బోర్డు పెట్టారు. తాడు మర్నాడు ఎవరి మేక మెడకో కనిపించింది. బోర్డు మీద ఎవరో చేపలు ఆరబోసుకున్నారు.

సునంద ఆఫీసుల చుట్టూ తిరిగింది. మెట్టకు రామని ఒకసారి చెప్పిన ఊరికి రెండోసారి ఇళ్లు ఎక్కడ నుంచి తెస్తామన్నారు.

వేసవి రాకముందే తుపాను వచ్చింది. అంతకుముందు వాటికంటే పెద్దదని రేడియోలో చెప్పారు. సముద్రం ముందురోజే వెనక్కి లాగి, ఎప్పుడూ కనపడని బురద బయటపెట్టింది. నూకరత్నం నేల మీద చెంబు పెట్టింది. నీళ్లు వణికాయి. మూడేళ్ల తర్వాత మళ్లీ వణికాయి. ఆమె ఉల్లిపాయలు కుమ్మరించి, సంచి దులిపింది.

రెండు చీరలు. లుంగీలు. రేషను కార్డు. ఈసారి పసుపు కొమ్ములు పెట్టలేదు. పెట్టకుండా ఉండటానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

పొద్దున్న బస్సు వచ్చింది, ఒకటే వచ్చింది. ముసలివాళ్లనీ పిల్లల్నీ ఎక్కించుకుని, షెల్టర్‌లో దింపి, మిగతావాళ్ల కోసం మళ్లీ వస్తానని వెళ్లింది. ఊరి నుంచి మెట్టకు పోయే రోడ్డు గోడ వెనకే, పల్లంలో ఉంది. బస్సు తిరిగి వచ్చేలోపు ఆ కొస విరిగితే రోడ్డు ఉండదు, రోడ్డు పక్కన సంచులు పట్టుకుని నిలబడ్డ సగం ఊరూ ఉండదు. అందులో నూకరత్నం ఉంది.

సునంద కాకినాడ నుంచి డబ్బాలు వేసుకుని ఆ వర్షంలో వచ్చింది. భుజంగరావు గారు వద్దని ఫోన్ చేస్తూనే ఉన్నారట. ఫోన్ తీసి అక్క చేతికిచ్చింది. కొసకు అప్పుడే బయటివైపు పగుళ్లు వచ్చాయని చెప్పింది. కొత్త జీవుల్ని ఇసుకలో ముద్ద చేసి ఆ పగుళ్లలో మెత్తితే కాస్త సేపటికి పట్టు దొరుకుతుంది. గోడ బాగుపడదు. బస్సు వచ్చేదాకా ఆగుతుంది. బయటివైపుకు పడవ మీదే వెళ్లాలి.

ధనరాజు అప్పటికే తెడ్డు తీశాడు.

"నువ్వెందుకయ్యా?" అంది నూకరత్నం.

"మరదలికి తెడ్డెయ్యడం రాదు. సదువుకుంది," అన్నాడు.

ఇద్దరూ డబ్బాలు మోసుకుంటూ పడవ వైపు నడిచారు. వాన అడ్డంగా కొడుతోంది. సత్తెమ్మ పసుపు బిందెతో గోడ పక్కన కూర్చుని ఉంది. బస్సెక్కమని ఎవరెన్ని చెప్పినా, అమ్మోరో దెయ్యమో ఇవాళ తేలిపోవాలంది. నూకరత్నం సంచి కాళ్ల దగ్గర పెట్టి చూస్తూ నిలబడింది. చెల్లెలి జడ తడిసి వీపుకు అంటుకుపోయింది. ఇంకో పది అడుగులు వేస్తే నీళ్లు. నోట్లో పేరు ఉంది. అమ్మ పిలిచిన పిలుపు గుర్తుంది. పిలవకూడదు. కానీ పసుపు పొయ్యడం కూడా మంచిదనే కదా పోశారు. ఊరు నమ్మినవాటిలో ఏది నిలబెడుతుందో, ఏది చంపుతుందో ఆమెకు ఇక తెలియలేదు.

"సునందా!"

సునంద ఆగింది. వెనక్కి తిరిగింది.

"పేరు పెట్టి పిలిచావేంటక్కా? సముద్రం వినేస్తుంది," అంది నవ్వుతూ.

వెళ్లొద్దు అనాలని పిలిచింది నూకరత్నం. ఆ మాట రాలేదు.

"నీ పొడిబట్టలు సంచిలో పెట్టాను."

"ఉంచు. వచ్చి కట్టుకుంటా."

బస్సు వచ్చేదాకా గోడ ఆగింది. నూకరత్నం చివరగా ఎక్కింది. సంచి ఒళ్లో, సంచి మీద నీళ్ల చెంబు. డ్రైవరు ఇంక ఆగనన్నాడు. వస్తున్నారు, ఇద్దరు వస్తున్నారు అని ఆమె చెబుతూనే ఉంది. బస్సు మెట్ట ఎక్కుతుండగా చెంబులో నీళ్లు ఒక్కసారి జలజలా వణికి, అలా వణుకుతూనే ఉండిపోయాయి. వెనక అద్దంలోంచి చూసింది. పసుపు రాసిన కొస ఉన్న చోట ఏమీ లేదు. సముద్రం ఆ దారినే లోపలికి వస్తోంది. మిగతా గోడ ఒక్క బీట కూడా పడకుండా నిలబడి ఉంది. బతికున్న గోడ అది. లోపలికి వచ్చిన నీళ్లను తిరిగి బయటికి పోనివ్వలేదు. పోలంపేట పెద్ద బేసిన్‌లా నిండింది.

నీళ్లు తోడడానికి చాలా రోజులు పట్టింది. కొస మొదట్లో, విరగకుండా మిగిలిన రాతి మీద కొత్త పొర ఒకటి తెల్లగా పెరిగి ఉందని భుజంగరావు గారు వచ్చి చూపించారు. అందులో అరచేతి గుర్తులు ఉన్నాయి. ముద్దను పగుళ్లలోకి అదిమిన చేతులవి. సన్నటి వేళ్లవి కొన్ని, తెడ్డు పట్టిన మోటు వేళ్లవి కొన్ని. నూకరత్నం తన చెయ్యి ఒక గుర్తులో పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. ఆమె వెంటనే చెయ్యి తీసేసుకుంది.

లేబరేటరీవాళ్లు గోడకు తిండి పెడుతూనే ఉన్నారు. ఆపితే ఒడ్డు మిగలదు. గోడ పెరుగుతోంది, గుర్తులు పూడిపోతున్నాయి. నూకరత్నం ఇప్పుడు మెట్ట మీద రేకుల షెడ్డులో ఉంటోంది. సంచి మేకుకు తగిలించి ఉంది, విప్పలేదు. నేల మీద చెంబు పెట్టుకుంటుంది. ఈ మధ్య ఆ నీళ్లు అప్పుడప్పుడు కదులుతున్నాయని అంటోంది. ఇక్కడికి సముద్రం చాలా దూరమని అందరూ చెబుతారు. తోట ఉన్నప్పుడు ఆమెకూ అలాగే చెప్పేవారు.

సునంద తిరిగి రాలేదు. ధనరాజు తిరిగి రాలేదు. సత్తెమ్మ తిరిగి రాలేదు. ఆ కొస విరిగింది కార్తీక బహుళ విదియ, గురువారం, మధ్యాహ్నం.